మూత మీద చెయ్యి

2024 ఆగస్టు 19, సోమవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. తడి: 84.

అమృతరాజు నోటుపుస్తకంలో ఆ రోజు మొదటి నమోదు ఇంతే. అంకె పక్కన శాతం గుర్తు లేదు, ఎందుకంటే అది శాతం కాదు. అడుగుభాగానికి తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపించే వేడి అది, ఫారెన్‌హీట్ డిగ్రీలలో. దాని పక్కన ఉండే పొడి థర్మామీటరు తొంభైతొమ్మిదిన్నర చూపిస్తుంది. రెండింటి మధ్య తేడా ఎక్కువగా ఉంటే గాలి పొడిగా ఉన్నట్టు, తగ్గితే తేమ పెరిగినట్టు. కోలారు బంగారు గనిలో గాలి సరఫరా విభాగంలో ఇరవై నాలుగేళ్లపాటు ఆయన చేసిన పని ఈ రెండు అంకెలు చదివి రాయడమే. గని మూతపడి ఇరవై మూడేళ్లయినా చదవడం మానలేదు. ఇప్పుడు కోడిగుడ్లు పొదిగే పెట్టెలో చదువుతున్నాడు.

ఆ ఉదయం పెట్టెలో పదహారు గుడ్లున్నాయి. వాటికి అది పద్దెనిమిదో రోజు. మూడు రోజుల్లో పిల్లలు బయటికి రావాలి. వాటి పెంకు లోపలి పొర మెత్తగా ఉండి చిరగాలంటే ఆ 84 ఇవాళే 90కి చేరాలి. అమృతరాజు లెక్కలో 90 అంటే మనుషుల చేత పని ఆపించి పైకి పంపే అంకె.

గని మూతపడ్డాక చాంపియన్ రీఫ్స్‌లోని కార్మికుల ఇళ్లలో ఏ పనులు మిగిలాయో నమోదు చేయడానికి ఏప్రిల్ నుంచి కోలారులో బస్సెక్కి అక్కడికి వెళ్తున్నాను. ప్రశ్నావళిలో 'ప్రస్తుత వృత్తి' అన్న గడికి డెబ్భై ఒక్క ఏళ్ల అమృతరాజు "గాలి చూసేది" అని జవాబిచ్చాడు. ఆ గడి ఎలా నింపాలో తెలియక మళ్లీ వెళ్లాను. తర్వాత వెళ్లడానికి కారణం అవసరం లేకపోయింది.

ఇంటి పక్క షెడ్డులో ఉన్న ఆ పెట్టె ఆయన స్వయంగా చేసుకున్నది. పాత ఫ్రిజ్‌ను వెల్లకిలా పడుకోబెట్టి, తలుపునే మూతగా మార్చి, ఆ తలుపులో చిన్న అద్దం అమర్చాడు. లోపల రెండు బల్బులు, కంప్యూటరు నుంచి తీసిన చిన్న ఫ్యాను, నీళ్ల పళ్లెం, తేమను శాతంలో చూపించే చవక మీటరు ఒకటి. పక్కగోడకు గాలి ఆడడానికి రెండు రంధ్రాలు. మీటరు కూతురు క్లారా కొన్నది. ఆయన దాన్ని నమ్మడు. అద్దంలోంచి దాని శాతం చూసి, మనసులో తడి డిగ్రీగా మార్చుకుని, అది నిజమో కాదో తేల్చుకోవడానికి మూత ఎత్తి తన సొంత పరికరం లోపల పట్టుకుంటాడు. ఆ పరికరాన్ని గనిలో గిలక అనేవారట. పిడికి రెండు థర్మామీటర్లు బిగించి ఉంటాయి, పసిపిల్లల గిలకలాగా గాలిలో గిరగిరా తిప్పి చదవాలి. విరిగిందని పక్కన పడేసినదాన్ని పై అధికారిని అడిగి తెచ్చుకున్నాడు.

ఈ పదహారు గుడ్లు ఆయనవి కావు, సొన్నమ్మవి. బేతమంగళం వైపు ఊళ్లో రాగి పండించుకునే అరవై ఏళ్ల ఆమె, జూలై 31న ఒక బుట్టలో పొట్టు పోసి పంతొమ్మిది గుడ్లు, ఇంకో బుట్టలో ఒక నల్లకోడి పెట్టుకుని బస్సు దిగి వచ్చింది. నేనప్పుడు అక్కడే ఉన్నాను.

"కుక్కలు తడక తోసుకొని వచ్చినాయప్పా. పదకొండు పెట్టలు, పుంజు, ఒక్క పొద్దులో అన్నీ పోయినాయి. ఇది మాత్రం మిగిలె. కాలు బాగలేదని ఇంట్లో గంప కింద మూసుంటిని."

"గుడ్లు ఎన్ని దినాలవి?"

"వారం లోపలివే. వీటిని దీని కింద పెడదామంటే ఇది కూచోలేదు, కాలు ఆనదు. రెండు గుడ్లు తొక్కి పగలగొట్టె." ఆమె బుట్ట మూత మీద చెయ్యి పెట్టి ఆగింది. "మా అత్త కాలం నుంచి ఉండే కోళ్లప్పా ఇవి. ఇవి గూడ పోతే ఇంగ ఫారం పిల్లల్ని తెచ్చుకోవాల్సిందే. నీ పెట్టెలో జూన్‌లో ఎన్ని లేచినాయి?"

అమృతరాజు నోటుపుస్తకం చూడకుండానే చెప్పాడు. "ఇరవై నాలుగు పెడితే తొమ్మిది."

"తొమ్మిదేనా?"

"తొమ్మిదే. మూడింటికి కాళ్లు పక్కలకు జారిపోయినాయి."

సొన్నమ్మ నా వైపు చూసి, "ఈయప్ప అబద్ధం గూడ చెప్పడు చూడమ్మా, ధైర్యానికైనా" అన్నది. గుడ్లు మాత్రం వెనక్కి తీసుకుపోలేదు. తీసుకుపోవడానికి ఆమెకు వేరే చోటు లేదు.

నల్లకోడి అరికాలి మధ్యలో నల్లటి గట్టి పొక్కు, దాని చుట్టూ బఠాణీగింజంత వాపు. జనం దాన్ని ఆనికాయ అంటారు. రాత్రి ఎక్కి కూర్చునే ఎత్తైన దండె కొయ్య మీద నుంచి గట్టి నేల మీదికి రోజూ దూకే బరువైన కోళ్లకు అరికాలు చిట్లి, అందులోకి మురికి చేరి ఇలా అవుతుంది. అమృతరాజు దాన్ని గనిమనిషి కాలులాగా చూశాడు. బురదలో గంబూట్లు వేసుకుని పనిచేసినవారి కాళ్లు చెడితే అప్పట్లో ఊదారంగు మందునీళ్లలో నానబెట్టేవారట. ఆయన కోడికాలిని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అలాగే నానబెట్టాడు. మధ్యలో కట్టు విప్పి ఎలా ఉందో చూశాడు. కట్టి, మళ్లీ విప్పి చూశాడు. నాలుగో రోజుకు కాలి చర్మం తెల్లగా నాని పొరలు లేచింది. పొక్కు మాత్రం అలాగే ఉంది.

ఆ రాత్రి క్లారా కోడిని ఒళ్లో పడుకోబెట్టుకుని చూసింది. ఆమెకు ముప్పై ఆరేళ్లు. బెంగళూరులో రక్తపరీక్షల ల్యాబ్‌లో పని, తెల్లవారకముందే రైలెక్కి రాత్రి భోజనం వేళకు ఇల్లు చేరుతుంది.

"డాడీ, నువ్వు దీన్ని మానిపోనిస్తా ఉండావా, లేదా దినామూ కొత్తగా మొదలుపెడతా ఉండావా?"

"చూడకుంటే ఎట్ల తెలుస్తుంది?"

"రెండు దినాలు చూడకుంటే తెలుస్తుంది."

ఆమె గోరువెచ్చని ఉప్పునీళ్లలో పావుగంట ఒక్కసారి నానబెట్టి, మెత్తబడి అంచు లేచిన పొక్కును నిదానంగా తీసి, లోపలి గట్టి చీమును నొక్కకుండా వచ్చినంత రానిచ్చి, అయోడిన్ మందు రాసింది. బాగా తుడిచి ఆరబెట్టాక గాజుగుడ్డ పెట్టి, వేళ్ల మధ్య నుంచి అంటుపట్టీ చుట్టింది. కోడి కింద మెత్తగా, పొడిగా రాగిగడ్డి పరిచింది. వాపు కాలి పైకి పాకినా, కాలు వేడెక్కినా పశువుల ఆసుపత్రికి తీసుకుపోవాలని, లేకపోతే రెండు రోజులకు ఒకసారి తప్ప కట్టు ముట్టుకోకూడదని చెప్పింది. ఆ రెండు రోజులూ అమృతరాజు కోడి చుట్టూ తిరిగాడు. పదిహేనో తేదీకి పుండు స్థానంలో లేత చర్మం వచ్చింది.

జూన్ గుడ్ల సంగతి నోటుపుస్తకంలోనే ఉంది, కాని ఎవరూ ఆ దృష్టితో చదవలేదు. మూత తెరిచిన ప్రతిసారీ ఆయన సమయం రాసి పెట్టాడు. లెక్కలు కట్టడం నాకు నేర్పిన పని కాబట్టి కట్టాను. చివరి మూడు రోజుల్లో ముప్పై ఒక్కసారి. తెరిచిన ప్రతిసారీ లోపలి తేమ సగానికి పడిపోయి, మళ్లీ ఎక్కడానికి అరగంట పట్టింది. పిల్లలు బయటికి రాని గుడ్లు పగలగొట్టి చూసినప్పుడు పిల్లలు పూర్తిగా తయారై ఉన్నాయట. ముక్కుతో పెంకుకు పగులు కూడా పెట్టాయి. లోపలి పొర కాగితంలా ఎండి ఈకలకు అంటుకుపోయి వాటిని కదలనివ్వలేదు. అతికష్టంగా వచ్చినవాటిని నున్నటి వార్తాపత్రిక మీద వదిలితే మూడింటి కాళ్లు చెరోపక్కకు జారాయి. క్లారా గాయానికి అంటించే సన్న పట్టీతో వాటి రెండు కాళ్లకూ నడుమ కొద్దిగా ఎడం వదిలి బంధం వేసి, గోనెపట్టా మీద నడిపిస్తే రెండు బాగుపడ్డాయి.

నేను అంకె చెప్పినప్పుడు అమృతరాజు కళ్లజోడు తీసి పేజీని దగ్గరగా పెట్టుకుని తానే ఒక్కొక్కటిగా లెక్కపెట్టాడు. "ముప్పై ఒకటే" అన్నాడు.

అందుకే 19వ తేదీ ఉదయం క్లారా రైలుకు వెళ్లేముందు రెండో నీళ్లపళ్లెం, తడి స్పాంజి లోపల పెట్టి, మూత చుట్టూ టేపు అంటించి, టేపు మీద పెన్నుతో తన సంతకం చేసింది.

"ఇది నేనే తీస్తాను. మా ల్యాబ్‌లో ఇట్లాంటి వేడిపెట్టె తలుపు నీ మాదిరి తీస్తే రెండో దినం ఇంటికి పంపేస్తారు."

"నన్ను ఇరవై నాలుగేండ్లు పంపలేదు" అన్నాడాయన.

మంగళవారం నేను వెళ్లేసరికి టేపు ఒక మూల ముడతలు పడి ఉంది. నోటుపుస్తకంలో: 'ఉ. 11.20. మీటరు 69 శాతం. అంటే తడి 90. తీసినాను. అర నిమిషం.' సంతకం చెరిగిందా అని ఆయన వేలితో తడిమి చూసుకుంటున్నాడు. రాయకుండా ఉంటే క్లారాకు తెలిసేదే కాదు. రాత్రి వచ్చి చదివి ఆమె కేకలు వేయలేదట. "రాసి మరీ చేస్తావు డాడీ నువ్వు" అని మాత్రం అని, కొత్త టేపు వేసి, ఈసారి తేదీతో సంతకం చేసింది.

బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకు మొదటి గుడ్డు పగిలింది. అద్దంలోంచి చూస్తే పెంకు మీద చిన్న నక్షత్రం లాంటి బీట. ఒంటిన్నరకు మరో రెండు. పెట్టెకు చెవి ఆనిస్తే లోపల సన్నని టకటక. మీటరు 70 చూపిస్తోంది. అమృతరాజు షెడ్డు నుంచి వీధి కొళాయి దాకా నడిచి, అక్కడ చేసేదేమీ లేక తిరిగొచ్చి, అద్దంలో చూసి, మళ్లీ కొళాయి దాకా నడిచాడు. ఆ దారి నలభై అడుగులు. ఆయన చెప్పులకింద గనిరాళ్ల పొడి కరకరమంది. పదకొండోసారి వచ్చినప్పుడు కొళాయి దాకా వెళ్లకుండా మూత మీద చెయ్యి పెట్టాడు.

అప్పటికి తిమ్మప్ప వచ్చి షెడ్డు తలుపు పక్క స్టూలు మీద కూర్చున్నాడు. అదే వరుసలో నాలుగిళ్ల అవతల ఉండే పాత సహోద్యోగి, డెబ్భై నాలుగేళ్లు. గనిలో రాయి తొలిచేవాడు.

"ఏం రాజూ, కోడికి కాన్పు నొప్పులా, నీకా?"

"తొంభై దాటింది తిమ్మప్పా."

"దాటితే?"

"నీకు తెలీదా, దాటితే ఏమయితుందో?"

తిమ్మప్పకు తెలుసు. నాకు తెలియదని గుర్తొచ్చి అమృతరాజు నా వైపు తిరిగాడు, చెయ్యి మాత్రం మూత మీద నుంచి తీయలేదు. "ఎనభై ఏడులో అమ్మా. పని జరిగే కాడికి పోయి గిలక తిప్పి చూడాల. అది నా డ్యూటీ. ఆ పొద్దు కాళ్లు నొప్పి. లిఫ్టు దిగిన కాడనే నిలబడి చూసుకొని 84 అని రాసినాను. నడిచిపోయుంటే ఇరవై నిమిషాలు. లోపల 93 ఉండింది. ఈయన పడిపోయినాడు."

"నేను పడింది వేడికి కాదులే" అన్నాడు తిమ్మప్ప, "ముందురోజు మా బామ్మర్ది పెండ్లిలో తాగినదానికి."

"నలుగురు మోసుకొచ్చినారు."

"మోసినోళ్లు ఇద్దరు. చెప్పిన ప్రతిసారీ ఒకణ్ణి పెంచుతా ఉండావు నువ్వు." తిమ్మప్ప స్టూలు ముందుకు జరుపుకున్నాడు. గొంతులో ఎగతాళి తగ్గింది. "రాజూ, నేను లోపల రాయి కొడతా ఉంటి. ఆ పిల్ల యాడ రాయి కొడతా ఉండాది? దానికి ఆ తడి కావాల. నీ కూతురు చెప్పె, ఈయమ్మ లెక్క కట్టి చెప్పె. నా మీద ఉండే భయం దాని మీద పెట్టొద్దు."

"భయం కాదప్పా. లోపల ఎంత ఉండాదో నా కంటితో చూడకుండా నేనెట్ల ఉండేది? ఆ చైనా మీటరు ఏం చెప్తాదో దానికే తెలీదు."

"సరే. పాత లెవెల్ సొరంగంలో మంట పట్టుకుంటే గోడ కట్టి మూస్తావుండిరి గదా. లోపలి గాలి ఎట్ల చూస్తావుండిరి? దినామూ గోడ పగలగొట్టి చూస్తావుండిరా?"

అమృతరాజు పెట్టె పక్కగోడలోని రంధ్రాల వైపు చూశాడు. మూసిన గోడలో ఒక గొట్టం ఉంచి, దాని బిరడా తీసి లోపలి గాలిని పరీక్షించడం కూడా ఆయన విభాగం పనే. పని జరిగే చోటికి ఒక నియమం, మూసిన చోటికి ఇంకొకటి. రెండూ ఆయనకు కంఠతా వచ్చు. ఈ పెట్టెను మాత్రం రెండు నెలలుగా మొదటి నియమంతోనే చూస్తూ వచ్చాడు.

మూత మీద చెయ్యి తీశాడు. గిలకలోంచి పొడుగాటి తడి థర్మామీటరు విప్పి, దాని గుడ్డను గోరువెచ్చని నీళ్లలో తడిపాడు. వంటింట్లోంచి సీసా బిరడా తెచ్చి, కాల్చిన మేకుతో దానికి చిల్లు పెట్టి, థర్మామీటరును అందులోంచి దూర్చాడు. రెండుసార్లు జారింది. మూడోసారి బిరడాను పక్కగోడలోని ఒక రంధ్రంలో బిగించాడు. రెండో రంధ్రం గాలికి వదిలాడు. తడిగుడ్డ లోపల ఫ్యాను గాలికి ఎదురుగా, అంకెలు బయట.

అంకె నిలకడకు వచ్చేదాకా ఐదు నిమిషాలు ఆగాం.

"తొంభై" అని చదివాడు. వంగి మళ్లీ చదివాడు. "తొంభైన్నర. మీటరు సరిగానే చెప్తా ఉండాది."

"పాపం, చైనావాడు నిన్ను నమ్ముకొని ఉండాడు" అన్నాడు తిమ్మప్ప.

ఆందోళన తగ్గలేదు. తగ్గిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆయన పది నిమిషాలకొకసారి లేచి చదివాడు, రాశాడు, కొళాయి దాకా నడిచాడు. సాయంత్రం నాలుగుంబావుకు మొదటి పిల్ల తడిముద్దలా బయటపడి మెడ వాల్చేసింది. అది చచ్చిపోయిందనుకుని ఆయన మళ్లీ మూత దగ్గరికి వెళ్లాడు. తిమ్మప్ప కాలు చాపి దారికి అడ్డం పెట్టాడు. పిల్ల లేచి పక్క గుడ్డు మీద పడింది. బుధవారం మధ్యాహ్నం నుంచి శుక్రవారం తెల్లవారేవరకు నమోదులు నూట పన్నెండు. మూత తెరిచినది సున్నా.

శుక్రవారం రైలుకు ముందు క్లారా తన సంతకాన్ని తానే కోసి మూత ఎత్తింది. పదమూడు పిల్లలు ఆరి, దూదిలా ఉబ్బి ఉన్నాయి. ఒకదానికి కాళ్లు చెరోపక్కకు జారుతున్నాయి. దానికి వెంటనే పట్టీ బంధం వేశారు. మూడు గుడ్లలోంచి పిల్లలు రాలేదు. వాటిలో రెండింట్లో పిల్ల చాలా ముందే ఎదగడం ఆగిపోయింది. మూడోది పూర్తిగా తయారైన పిల్ల, పొర దాని మెడకు అంటుకుని ఉంది. అది మంగళవారం నాటి అర నిమిషం వల్లే జరిగిందని చెప్పడానికి ఆధారం చాలదని నేను అన్నాను. అమృతరాజు విని, దాని పక్కన 'నాది' అని రాశాడు.

తర్వాతి వారం, 28వ తేదీ బుధవారం, సొన్నమ్మ వచ్చింది. పిల్లలను గంపలోకి ఒక్కొక్కటిగా దించుతూ లెక్కపెట్టింది.

"పంతొమ్మిది ఇచ్చింటి."

"మూడింట్లో ఏమీ లేదు, ఏడో దినమే తీసేస్తిమి. రెండు మధ్యలో ఆగిపోయినాయి. ఒకటి నేను చంపితి." పేజీ తెరిచి చూపించాడు.

ఆమెకు చదువు రాదు. అయినా పేజీని కొసదాకా చూసింది. "నా మొగుడు పోయినప్పుడు గూడ ఎవురూ ఇన్ని రాయలేదప్పా" అన్నది. తర్వాత నల్లకోడిని కిందికి దింపింది. అది ఒక్క క్షణం కాలు ఎత్తిపట్టుకుని, ఆనించి, మరీ కుంటకుండా నడిచి గంప దగ్గరికి వెళ్లి మెడ వంచి లోపలికి చూసింది.

"మీ ఇంట్లో దండె ఎంత ఎత్తు?" అని అడిగాడు అమృతరాజు.

"ఏమో. నా ఎదకు వస్తుంది."

"కింద?"

"బండలే."

ఆయన లోపలికి వెళ్లి రంపం, సుత్తి, ఒక గోనెసంచి, గిలక తీసుకుని వచ్చాడు. అంత దూరం నువ్వెందుకు, నేను చెప్పి చేయిస్తానని సొన్నమ్మ అన్నా వినలేదు. "చెప్తే కాదమ్మా. ఇది పని జరిగే కాడికి పోయి చూడాల్సిందే." బస్సులో గంప ఆయన ఒళ్లో, కోడి ఆమె ఒళ్లో. పట్టీ వేసిన పిల్లకు అది తీయడానికి ఇంకా రెండు రోజులుందని దాన్ని తిమ్మప్పకు అప్పగించి, ముట్టుకోవద్దని మూడుసార్లు చెప్పాడు.

సొన్నమ్మ ఇంటి వెనక కోళ్లగూటిలో దండెను కోసి మోకాలి ఎత్తుకు దించాడు. కొయ్య అంచులు గుండ్రంగా చెక్కాడు. బండల మీద గడ్డి పరిచి, తడకకు కొత్త కట్లు వేయించాడు. అన్నీ అయ్యాక గూటి మధ్యలో వంగి నిలబడి గిలక తిప్పాడు. ఇరుకువల్ల మోచెయ్యి రెండుసార్లు గోడకు తగిలింది. పొడి 79, తడి 70 అని చదివి, నోటుపుస్తకంలో కొత్త పేజీ మీద సొన్నమ్మ పేరు రాసి, దాని కింద ఆ రెండు అంకెలు వేసుకున్నాడు. తిరుగు బస్సుకు ఇంకా నలభై నిమిషాలుంది. ఆ నలభై నిమిషాలూ ఆయన గూటికీ రోడ్డుకీ మధ్య నడుస్తూనే ఉన్నాడు.